గురువారం క్యారేజీ

మా సంఘంలో గురువారం పరిచర్య మొదలైనప్పుడు సామాన్ల బాధ్యత నా మీద పెట్టారు. సర్కారు గోదాములో ముప్పై రెండేళ్ళు సరుకుల లెక్క రాసి రిటైరైన మనిషిని. నాకు తేదీలు గుర్తుంటాయి, తూకాలు గుర్తుంటాయి, ఎవరు ఏది తెస్తానని తేలేదో కూడా గుర్తుంటుంది. ఈ చివరిది చాలామందికి నచ్చదు.

పరిచర్య అంటే పెద్ద సంగతేమీ కాదు. విమానాశ్రయం పక్కనే ఉన్న లంబాలైన్‌లో మా మందిరం చుట్టుపక్కల ఎవరి ఇంట్లోనైనా మనిషి మంచాన పడినా, పని పోయినా, వాళ్ళది ఏ మతమైనా సరే, గురువారం గురువారం వండిన భోజనం ఒక క్యారేజీలోనూ, వారానికి సరిపడా బియ్యం, పప్పు, గుడ్లు ఒక సంచిలోనూ ఇచ్చి రావడం. వెళ్ళినచోట పాస్టరమ్మగారు ప్రార్థన చేస్తారు. ఆరు ఇళ్ళు, ఆరు క్యారేజీలు, నలుగురు ఆడవాళ్ళం.

బియ్యం కొనేది కాదు. పిడికెడు బియ్యం. మా ఇళ్ళలో ఏ పూట అన్నం వండినా బియ్యం కడగకముందే ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ డబ్బా తెచ్చి మందిరంలో ఒంపుతాం. మా అమ్మ శ్రీకాకుళం తీరం నుంచి ఓడలో ఈ దీవులకి వచ్చినప్పుడు తెచ్చుకున్న అలవాట్లలో ఇదొకటి. నేను ఇక్కడే పుట్టాను గాని అలవాటు వదలలేదు. నేను బాధ్యత తీసుకోకముందు అందరి బియ్యమూ ఒకే డ్రమ్ములో పోసేవారు. సగం ఇళ్ళవి ఉప్పుడు బియ్యం, సగం ఇళ్ళవి పచ్చి బియ్యం. కలిపి వండితే ఒకటి ముద్దవుతుంది, ఒకటి పలుకుగా ఉండిపోతుంది. "ఆకలి మీదున్నోళ్ళకి అదేం తెలుస్తాది లెండి" అని ఒకావిడ అంది. ఆ ఆదివారమే ఆ కలిపిన బియ్యం వండి ఆవిడకి ఒక పళ్ళెం పెట్టాను. పై ఆదివారానికి రెండు డ్రమ్ములు వచ్చాయి.

నేను చెప్పబోయే ఇంటి సంగతి మార్చిలో మొదలైంది. మార్చి వచ్చేసరికి పోర్ట్‌బ్లెయిరులో నీళ్ళకి కటకట. ఊరి పేరు మార్చారు గాని మా నోటికి ఇంకా పోర్ట్‌బ్లెయిరే. మందిరం ఆవరణలో బావి ఉంది కాబట్టి ఆ నెలల్లో చుట్టుపక్కల వాళ్ళు ఎవరైనా తోడుకోవచ్చునని గేటు తెరిచి ఉంచుతాం. ఒక మంగళవారం పొద్దున ఒకమ్మాయి రెండు బకెట్లు పట్టుకుని బావి నుంచి గేటు దాకా వెళ్ళడానికి మూడుసార్లు ఆగింది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఆ వయసు మనిషి అంత చిన్న దూరానికి మూడుసార్లు బకెట్లు దించిందంటే కడుపులో ఏమీ లేదన్నమాట.

"పొద్దున ఏం తిన్నావు?" అన్నాను.

"టీ తాగీసినానండి."

"టీ అడగలేదు. తిండి అడిగాను."

ఆమె నవ్వింది. "మా ఇంటాయనకి ఒంట్లో బాలేదండి మామ్మగారూ. ఆయన తినీసినాక సూసుకుందారని."

ఆయన ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ వైపు మనిషి. జెట్టీలో చేపల పడవలకి ఐసు మోసేవాడు. ఈమెది రంగత్ దగ్గర ఊరు. పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లల్లేరు. దగ్గు తగ్గక, మనిషి చిక్కిపోయి, మార్చి మొదటి వారంలో సర్కారు ఆస్పత్రికి వెళితే టీబీ అని తేల్చారు. ఆరు నెలలు మాత్రలు ఒక్క రోజు మానకుండా వేసుకోవాలి, బలమైన తిండి తినాలి, బరువులు ఎత్తకూడదు. మాత్రలు ఊరికే ఇస్తారు. తిండి ఎవరిస్తారు? ఐసు మోసే పని పోయింది. పడవల యజమాని మంచివాడే, "ఒళ్ళు బాగుపడ్డాక సెప్టెంబరులో రా, జెట్టీలో పెట్టెలు లెక్కపెట్టే పని ఇస్తాను, కూర్చుని చేసుకోవచ్చు" అన్నాడట. అంటే ఆగస్టు ఆఖరు దాకా ఆ గదిలో నిలదొక్కుకోవాలి. అంతే వాళ్ళకి కావలసింది.

నిలదొక్కుకోవాలంటే ఈ జబ్బు సంగతి ఎవరికీ తెలియకూడదు. ఒకే రేకుల కప్పు కింద వరసగా ఏడు గదులు, గదికీ గదికీ మధ్య ప్లైవుడ్ చెక్క. ఒకటే కుళాయి, ఒకటే స్నానాల గది. ముందు ఇంట్లో ఇంటి ఓనరమ్మ. ఆయనకి ఆయాసం అని అందరితో చెప్పారు. మొదటి గురువారం పాస్టరమ్మగారు, నేను వెళ్ళినప్పుడు ఆ అమ్మాయి తలుపు వేసి, మా ఇద్దరి చేతులూ పట్టుకుని, గుసగుసగా జబ్బు అసలు పేరు చెప్పింది. "మీకు అబద్ధం సెప్పకూడదని సెప్పినానండి. ఎవులికీ సెప్పకండి. ఈ ఓనరు దీదీకి తెలిస్తే మా సామాను రోడ్డు మీద ఉంటాది."

పాస్టరమ్మగారు ఎవరికీ చెప్పలేదు. ఇది నేను గట్టిగా రాయాలి, ఎందుకంటే తరవాత చాలామంది ఆమెని నోరు ఆగని మనిషి అన్నారు. మందిరంలో ప్రార్థన అంశాలు చదివేటప్పుడు "అనారోగ్యంతో ఉన్న ఒక సోదరుడు" అనేవారు, అంతే. మాతో పరిచర్యకి వచ్చే మిగతా ఇద్దరికి కూడా చెప్పలేదు. వాళ్ళు గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు.

నేను గుడ్ల లెక్క వేశాను. రోజుకి రెండు. మా సంఘంలో ముప్పై నాలుగు కుటుంబాలు. ఏ వారం ఎవరు తేవాలో ఆగస్టు ఆఖరు దాకా పంచేశాను. ఎవరికి ఎప్పుడు గుర్తు చెయ్యాలో కూడా నా దగ్గర ఉంది. ఆ లెక్కలో చివరిదాకా ఒక్క గుడ్డు లోటు రాలేదు.

ఆయన మాటకారి. మంచం మీద గోడకి ఆనుకుని, నేను సంచిలోంచి తీసి పెడుతుంటే చూస్తూ ఉండేవాడు.

"మామ్మగారూ, పదమూడే పెట్టినారు."

"పద్నాలుగు. మళ్ళీ లెక్కపెట్టు."

"పరీచ్చ పెట్టినానండి. రోజూ రెండేసి తినీసి నాను కోడినైపోతున్నాను. తెల్లారగట్ల కూత్తాను. మా దీదీ అలారం కూడా పెట్టుకోడం మానీసింది."

"నువ్వు ఊరుకోవయ్యా, దగ్గొస్తాది" అని అతని భార్య కసిరేది. నవ్వితే దగ్గు వచ్చేది. ఏప్రిల్‌లో దగ్గు తగ్గింది. మే నెలలో ఆస్పత్రిలో తూస్తే నాలుగు కిలోలు పెరిగాడు. ఇక ఇది ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పాడు. సందు చివరి దాకా నడిచి వచ్చేవాడు. ఆ నెలలో నాకు ధీమా కలిగింది. కలిగిందని ఇప్పుడు చెప్పుకోవడం కష్టంగా ఉంది.

ఆ అమ్మాయి మా క్యారేజీ ఎప్పుడూ ఖాళీగా తిరిగి ఇవ్వలేదు. పోయిన వారం ఇచ్చిన క్యారేజీ ఈ వారం తీసుకుని, ఇంకోటి ఇచ్చి వస్తాం. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని మనవాళ్ళ పట్టింపు కదా. ఆమె దగ్గర పెట్టడానికి ఏముంటుంది? గుమ్మం దగ్గర నూనె డబ్బాలో ఒక మిరప మొక్క ఉండేది. రెండు మిరపకాయలు పెట్టేది. అవి లేని వారం కాగితంలో చిటికెడు పంచదార. ఒక వారం ఆయన ఎప్పుడో సముద్రంలో ఏరిన గవ్వ. నేను క్యారేజీ తీసుకోగానే పై గిన్నె తీసి చూసేదాన్ని. "మామ్మగారు లంచం లెక్కసూసుకుంటన్నారు" అనేవాడు ఆయన.

పాస్టరమ్మగారిది పెద్ద గొంతు. మైకు లేకుండా మందిరం చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ప్రార్థనలో ఆమెకి ఒక నమ్మకం ఉంది: జబ్బుని పేరు పెట్టి గద్దించాలి. "దేవుడికి పేరు తెలీదా?" అని నేనొకసారి అడిగాను. "దేవునికి తెలుసమ్మా. ఆ జబ్బుకి తెలియాలి, మనం దాన్నే అంటున్నామని" అన్నారు. ఈ ఒక్క గదిలో మాత్రం ఆయన తల మీద చెయ్యి వేసి, చెవి దగ్గరకి వంగి, పెదవులు కదిలీ కదలకుండా ఆ పేరు పలికేవారు. మూడు నెలలు అలాగే పలికారు. ఆ గదిలోంచి బయటికి వచ్చాక ఆమె మెడ నరాలు బిగుసుకుని ఉండేవి, అరవడం కంటే అణచుకోవడమే కష్టమని ఆమెని చూశాకే తెలిసింది.

జూన్ రెండో గురువారం. అంతకుముందు నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన. ఆ రోజు ఎండ కాసింది. లైనులో ఉన్నవాళ్ళందరూ బట్టలు ఆరేసుకోవడానికి బయటే ఉన్నారు. ఓనరమ్మ పరుపు ఎండలో వేసి దులుపుతోంది. మేం లోపలికి వెళ్ళి, నేను గుడ్లు లెక్కపెట్టాక, పాస్టరమ్మగారు ప్రార్థన మొదలుపెట్టారు.

లంబాలైన్‌లో ఉండేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. విమానం దిగుతుంటే ఏ మాట మాట్లాడుతున్నవాళ్ళైనా ఆపేస్తారు, అది దాటాక ఆపినచోట అందుకుంటారు. కూరగాయల బేరమైనా, దెబ్బలాటైనా, పాస్టరుగారి ప్రసంగమైనా సరే. మేం చిన్నప్పటి నుంచీ అంతే, మాకు తెలియకుండానే నోరు ఆగుతుంది. పాస్టరమ్మగారు కాకినాడ వైపు నుంచి వచ్చి ఆరేళ్ళే. మామూలు మాటల్లో ఆమె కూడా ఆపడం నేర్చుకున్నారు. కాని కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నప్పుడు ఆమెకి అది రాలేదు. విమానం వస్తే ఆమె గొంతు పెరుగుతుంది.

ఆ రోజు విమానం రేకుల మీదుగా వచ్చింది. చెక్కలు అదిరాయి. ఆమె గొంతు దానితో పాటు లేచింది. ఏమంటున్నారో పక్కనే ఉన్న నాకే వినబడలేదు. నేను చెయ్యి చాచి ఆమె భుజం తట్టాను. ఆత్మలో ఉన్నారు, తెలుసుకోలేదు. విమానం చక్రాలు నేలకి తగిలి చప్పుడు ఒక్కసారి తెగిపోయింది. ఆమె గొంతు తెగలేదు.

"ఈ టీబీని నీ నామములో గద్దిస్తున్నాం ప్రభువా! ఈ సోదరుని ఊపిరితిత్తులలో ఉన్న టీబీ ఈ గది విడిచిపోవును గాక!"

పక్క గదిలో గరిటె చప్పుడు ఆగిపోయింది. బయట పరుపు దులపడం ఆగిపోయింది.

పాస్టరమ్మగారు ఆమెన్ అని కళ్ళు తెరిచారు. మా ముఖాలు చూశారు. "ఏమైందమ్మా?" అన్నారు. ఆ అమ్మాయి తలుపు వైపు చూస్తోంది. ఆయన మాత్రం నవ్వాడు.

"ఏటీ లేదండి. ఇప్పుడు ఎయిర్‌పోర్టోళ్ళకి కూడా తెలిసిపోనాది."

అప్పుడు ఆమెకి అర్థమైంది. నేల మీద కూర్చుండిపోయారు.

మర్నాడు కుళాయి వచ్చింది. ఆ అమ్మాయి బకెట్టు వరసలోంచి తీసి పక్కన పెట్టారు. ఎవరు తీశారంటే ఎవరూ చెప్పలేదు. అందరివీ పట్టుకున్నాక పట్టుకోమన్నారు, అందరూ పట్టుకునేసరికి నీళ్ళు ఆగిపోయాయి. స్నానాల గది తలుపుకి తాళం పడింది, ఆరు గదులకి ఆరు తాళం చెవులు ఇచ్చారట. శనివారం ఆమె మా బావికి వచ్చి చెప్పింది. బకెట్లు మోస్తూ ఈసారి ఎక్కడా ఆగలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఓనరమ్మ గేటు దగ్గర నా కోసం నిలబడి ఉంది. ఆమెదీ తెలుగు కుటుంబమే, తాతల నాడు వచ్చినవాళ్ళు. ముప్పై ఐదేళ్ళుంటాయి. తెలుగు మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది.

"ఆంటీ, మీరే చెప్పండి. నా చిన్నది రోజూ వాళ్ళ గుమ్మంలోనే ఆడుకుంటది. మూడు నెలలు! ఆయాసం అన్నారు. అబద్ధం కదా, ఝూఠ్ బోలా నా?"

"భయపడి చెప్పలేదు. ఇప్పుడది అంటుకోదు. డాక్టరు చెప్పాడు. నేను వారం వారం వెళ్ళి పక్కనే కూర్చుంటున్నాను, నాకు వచ్చిందా?"

"డాక్టర్ కా క్యా హై ఆంటీ? ఆయన వచ్చి ఈ లైన్లో ఉంటాడా? మిగతా ఆరు గదులోళ్ళు ఖాళీ చేస్తామంటున్నారు. రెండో గది బెంగాలీ దీదీకి ఇప్పుడు ఏడో నెల. ఆమె ఏడుస్తుంటే నేనేం చెప్పాలి?"

"కిరాయి కావాలంటే మా సంఘం రెండు నెలలది ముందే ఇస్తుంది."

ఆమె ముఖం ఎర్రబడింది. "డబ్బు మాట కాదాంటీ, పైసే కీ బాత్ నహీ హై. ఒక నెల కిరాయి నేనే ఇప్పిస్తా, వేరే చోట చూసుకోమనండి. నేను రాక్షసిని కాదు. నెలాఖరు దాకా ఉండమన్నా." కళ్ళు తుడుచుకుంది. "మీరు అంత గట్టిగా ఎందుకు చెప్పారాంటీ? నాకు తెలీకపోతే బాగుండేది."

ఆమె మంచిది. నేను ఎన్నో గదుల ఓనర్లని చూశాను, ఆమె వాళ్ళలో మంచిది.

ఆ మధ్యాహ్నమే సంఘ పెద్దల్ని, కుటుంబాల వాళ్ళనీ కూర్చోబెట్టాను. సంగతి అందరికీ తెలిసిపోయింది కాబట్టి దాచడానికి ఏమీ లేదు. కావలసింది గది. రెండున్నర నెలలకి ఒక గది. మందిరం వెనక ఒక గది ఉంది, అందులో చాపలు, డప్పులు, క్రిస్మస్ నక్షత్రం, విరిగిన కుర్చీలు ఉంటాయి. అది ఇవ్వమన్నాను.

"ఆ చాపల మీద సండే స్కూలు పిల్లలు కూర్చుంటారు కదమ్మా" అని ఒక పెద్దాయన.

"చాపలు మా ఇంట్లో పెడతాను."

"చాపల మాట కాదండి. తల్లిదండ్రులు పిల్లల్ని పంపడం మానేస్తారు."

"నేను ఒక ట్రే గుడ్లు ఎక్కువ ఇస్తాను" అని ఇంకొకావిడ. ఆమెకి మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. టూరిస్టుల కోసం.

"గుడ్లు సరిపడా ఉన్నాయి" అన్నాను. "గది ఎవరిస్తారు?"

పాస్టరమ్మగారు లేచి తమ ఇంట్లో ముందు గది ఇస్తామన్నారు. ఆ ఇల్లు సంఘానిది. "అమ్మా, రోజూ మందిరానికి వచ్చేవాళ్ళందరూ ఆ గదిలోంచే కదా లోపలికి వస్తారు" అన్నారు పెద్దలు. ఆమె కూర్చున్నారు. నేను మా అమ్మాయి క్వార్టర్‌లో ఉంటాను, అక్కడ అప్పటికి మూడు నెలల పసిబిడ్డ. నేనూ చెయ్యి ఎత్తలేదు. ముప్పై నాలుగు కుటుంబాలు, ఇంకొక్క చెయ్యి లేవలేదు. బియ్యం అడిగితే రెండు డ్రమ్ములు నిండుతాయి.

"ప్రార్థన చేసి వచ్చే ఆదివారం నిర్ణయిద్దాం" అని పెద్దాయన ముగించారు.

ఆ గురువారం నేను వెళ్ళేసరికి గదికి తాళం లేదు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. నేలంతా బ్లీచింగ్ పొడి. ఇద్దరు పనివాళ్ళు గోడలకి సున్నం వేస్తున్నారు. మిరప మొక్క ఉన్న డబ్బా గుమ్మం దగ్గరే ఉంది. సోమవారం పొద్దున బస్సుకి రంగత్ వెళ్ళిపోయారని, అక్కడ ఆమె అక్కగారి ఇల్లుందని పక్క గది ఆవిడ చెప్పింది. దూరంగా నిలబడే చెప్పింది.

నేను ఆస్పత్రికి వెళ్ళాను. మాత్రలు ఇచ్చే కుర్రవాడు మర్యాదస్తుడు. రంగత్ ఆస్పత్రిలో కూడా ఇవే మాత్రలు దొరుకుతాయి, ఇక్కడి నుంచి ఒక చీటీ తీసుకెళ్తే చాలు అన్నాడు. వాళ్ళు చీటీ తీసుకోలేదు. జూలై మొదటి వారంలో మళ్ళీ వెళితే, రంగత్‌లో అతను ఇప్పటిదాకా రాలేదని, ఫోను ఎత్తడం లేదని చెప్పాడు. "అమ్మా, మధ్యలో మానేస్తే ముందుకంటే గట్టిగా వస్తుంది. అప్పుడు ఈ మాత్రలు పనిచెయ్యకపోవచ్చు." చీటీ రాయించుకున్నాను. జెట్టీలో ఆయనతో పనిచేసినవాడి దగ్గర ఆమె ఫోను నంబరు దొరికింది. నాలుగోసారికి ఎత్తింది. "ఇంటికి రాకండి మామ్మగారూ. బస్టాండు కాడికి నానే వత్తాను" అంది.

తెల్లవారుజామున బస్సెక్కాను. నా వయసులో ఆ దారి తేలిక కాదు, అడవిలో పోలీసు కాపలాతో బళ్ళన్నీ వరసకట్టి వెళ్ళాలి, మధ్యలో బస్సు దిగి, ఫెర్రీ దాటి, మళ్ళీ ఎక్కాలి. క్యారేజీలో చెడిపోనివి పెట్టాను: వేరుశనగ ఉండలు, సున్నుండలు, కారప్పొడి, కింద గిన్నెలో ఉడికించిన గుడ్లు. రంగత్‌లో దిగేసరికి పన్నెండు దాటింది. ఆమె మందుల కొట్టు పక్కన, జనానికి వీపు పెట్టి నిలబడి ఉంది. చేతిలో తువ్వాలులో చుట్టినది ఏదో ఉంది.

"ఎలా ఉన్నాడు?"

"దగ్గుతున్నాడండి. రాత్రుల్లు సెమటలు."

"మాత్రలు?"

ఆమె తువ్వాలు మూట ఇంకో చేతికి మార్చుకుంది. నేను చీటీ తీసి ఇచ్చాను. "ఇది పట్టుకుని ఈ సందు చివర ఆస్పత్రికి వెళ్ళు. ఇవాళే ఇస్తారు. ఇంకా రెండున్నర నెలలే."

ఆమెకి తెలుగు చదవడం సరిగా రాదు, హిందీ వచ్చు. చీటీ మీద హిందీలో పైన ఆయన పేరు, కింద జబ్బు పేరు. రెండూ చదివి, నాలుగు మడతలు పెట్టింది.

"ఆ ఆస్పత్రిలో మందులిచ్చే అమ్మాయి మా అక్క ఆడపడుచండి."

"ఐతే ఏం? ఆమె చెప్పదు. చెప్పకూడదు వాళ్ళు."

"మీరూ సెప్పనన్నారు కదండి."

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టుగా అంది.

"మా బావగారికి తెలిసిందంటే ఈ రేతిరికే పంపీత్తారు. ఇక్కడి నుంచి ఎక్కడికెల్తాం? ఈయనకి గేస్ట్రిక్ అని సెప్పినాను. మా ఇంటాయనే వద్దంటున్నాడండి. ఇంకోపాలి సామాను నెత్తిన పెట్టుకుని నడవలేనంటున్నాడు." చీటీ నా చేతిలో పెట్టింది. "ఇది నా కాడ ఉంటే ఎవులో ఒకలు సూత్తారు."

నేను బతిమాలాను. పోర్ట్‌బ్లెయిరు వచ్చేయండి, ఎక్కడో ఒకచోట గది చూస్తాను అన్నాను. "గది దొరికిందాండి?" అని అడిగింది. ఆ అడగడంలో నిజంగా ఆశ ఉంది. దొరకలేదు అని చెప్పాను. ఆమె తల ఊపింది.

క్యారేజీ ఇవ్వబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దు మామ్మగారూ. ఇది ఎవులిచ్చారు, ఎందుకిచ్చారు అంటే ఏటి సెప్పాలి?"

"కనీసం గుడ్లు."

"గుడ్లు మా అక్క ఇంట్లో కోళ్ళు పెడతాయండి" అని అబద్ధం చెప్పింది. తరవాత తువ్వాలు విప్పి, జూన్ గురువారం నాటి క్యారేజీ నాకు ఇచ్చింది. "మీది మా కాడ ఉండిపోనాది. లెక్కలో తక్కువౌతాదని మీరు ఎతుక్కుంటారని తెచ్చీసినాను."

బాగా తోమి ఉంది. ఎండలో ఆరబెట్టినట్టు ఉంది. అలవాటు ప్రకారం పై గిన్నె మూత తీశాను. ఆమె ముఖం తిప్పుకుంది. రెండోది తీయకుండా మూసేశాను.

"పాస్టరమ్మగారు రోజూ మీ కోసం ప్రార్థన చేస్తున్నారు" అన్నాను, ఇంకేం అనాలో తెలియక.

"సెయ్యమనండి. మీ దేవుడికి సెప్పమనండి." రెండడుగులు వేసి ఆగింది. "మెల్లగా సెప్పమనండి."

ఆ రాత్రి తెలిసినవాళ్ళింట్లో పడుకుని, మర్నాటి బస్సులో వచ్చేశాను. గుడ్లు, ఉండలు ఆ ఇంట్లోనే ఇచ్చేశాను. ఫెర్రీలో ఒళ్ళో రెండు క్యారేజీలు పెట్టుకుని కూర్చుంటే పక్కన ఉన్నాయన, "అమ్మాజీ, హోటలు పెట్టారా?" అని అడిగాడు. రంగత్‌లో తీయని మూడు గిన్నెలు అప్పుడు తీసి చూశాను. ఏమీ లేదు.

నవంబరులో ఆస్పత్రి కుర్రవాడు నన్ను బజారులో చూసి ఆగాడు. పోయాడని చెప్పాడు. ఆఖరి వారంలో డిగ్లీపూర్ తీసుకెళ్ళారట, అన్నదమ్ముల దగ్గరికి. ఎప్పుడు అని అడిగాను. తేదీ అతనికి తెలియదు. ఆ అమ్మాయి ఎక్కడ ఉందో కూడా తెలియదు. ఆమె నంబరు ఇప్పుడు మోగదు. నాకు తేదీ తెలియని మరణం మా వాళ్ళలో ఇదొక్కటే.

గురువారం పరిచర్య సాగుతోంది. ఆరు ఇళ్ళే, ఒక ఇంటి బదులు ఇంకో ఇల్లు వచ్చింది. బియ్యం ఎప్పటిలాగే నిండుతున్నాయి. క్రిస్మస్‌కి సంవత్సరపు నివేదిక చదివితే ఆ ఇంటినీ సహాయం పొందిన ఇళ్ళలో కలిపారు. తీసెయ్యమన్నాను. "ఇచ్చాం కదమ్మా, మూడు నెలలు ఇచ్చాం" అన్నారు. ఇచ్చిన మాట నిజమే. నివేదికలో అలాగే ఉండిపోయింది.

పాస్టరమ్మగారు ఇప్పుడు ఏ ఇంట్లోనూ పైకి ప్రార్థన చెయ్యరు. తల మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, నోరు మూసుకుని నిలబడతారు. జబ్బుపడ్డవాళ్ళకి అది నచ్చడం లేదు. పోయిన వారం పక్షవాతం వచ్చిన ఒక ముసలమ్మ నా కొంగు పట్టుకుని లాగి, "ఏమ్మా, మీ పాస్టరమ్మగారికి నా మీద ఏమైనా కోపమా? నాకు పెర్థన చెయ్యకుండా ఎల్లిపోతన్నారు" అని అడిగింది.

మేం ఆ ఇంట్లో ఉన్నప్పుడే పదకొండు గంటల విమానం వచ్చింది. ముసలమ్మ తల మీద పాస్టరమ్మగారి చెయ్యి అలాగే ఉంది. విమానం రేకుల మీదుగా వచ్చి, దిగి, చప్పుడు ఆగిపోయింది. ఆపినచోట నుంచి అందరూ మాటలు అందుకున్నారు. ఆమె అందుకోలేదు.